కన్వర్టర్ స్విచింగ్ ఫ్రీక్వెన్సీ మార్పు వల్ల పెరిగిన హార్మోనిక్స్‌పై ఫిర్యాదు

సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: మీరిచ్చిన 600 కిలోవాట్ల యాక్టివ్ ఫ్రంట్ ఎండ్ కన్వర్టర్‌లో (ఏసీ సప్లైని వేగంగా స్విచ్ చేస్తూ డీసీగా మార్చే యూనిట్) హార్మోనిక్స్ (సప్లై ఫ్రీక్వెన్సీకి పూర్ణాంక రెట్లలో వచ్చే అనవసర కరెంట్లు) గురించి మూడో లేఖ.

అయ్యా,

మొదటి రెండు లేఖలకూ మీరిచ్చిన జవాబు ఒక్కటే: లోపం మీ సప్లైలో ఉంది, మీ కెపాసిటర్ బ్యాంకు చూసుకోండి అని. చూసుకున్నాం. ఒక ఆదివారం ప్లాంటు ఆపి, బ్యాంకు మొత్తం తప్పించి, మీ కన్వర్టర్ ఒక్కదాన్నే నడిపి కొలిచాం. 19వ హార్మోనిక్ కదల్లేదు. తర్వాత కన్వర్టర్ ఆపి మిగతా లోడంతా నడిపాం. 19 కనిపించలేదు. కాబట్టి ఈసారి సప్లై మాట ఎత్తకండి.

కమిషనింగ్ నాడు స్విచింగ్ ఫ్రీక్వెన్సీ (కన్వర్టర్ స్విచ్‌లు సెకనుకు ఎన్నిసార్లు పనిచేస్తాయన్నది) 1950 హెర్ట్జ్, అంటే సప్లై ఫ్రీక్వెన్సీ 50కి 39 రెట్లు. ఆ రోజు ఫుల్ లోడ్ మీద కరెంట్ టీహెచ్‌డీ (హార్మోనిక్స్ అన్నీ కలిపిన మొత్తం వక్రీకరణ) 3.6 శాతం వచ్చింది, ఇద్దరం సంతకాలు పెట్టాం. ఎండలు ముదిరాక ఐజీబీటీలు (కన్వర్టర్‌లోని పవర్ స్విచ్‌లు) వేడెక్కి ట్రిప్ అవడం మొదలైంది. మీ ఇంజనీరు వచ్చి, లాప్‌టాప్ తగిలించి, ఫ్రీక్వెన్సీని 1050కి దించి వెళ్లారు. ట్రిప్‌లు ఆగిన మాట నిజమే. స్విచింగ్ తగ్గితే ఆ నష్టాలూ వేడీ తగ్గుతాయి, అందులో వింతేమీ లేదు. కానీ సర్వీస్ రిపోర్టులో "పారామీటర్ సర్దుబాటు చేయడమైనది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఏ పారామీటరో, ఎంత నుంచి ఎంతకో లేదు. మెనూలోకి వెళ్లి మేమే వెతుక్కున్నాం.

వారం తిరక్కుండానే ఫిల్టర్ చోక్ ఈల వేయడం మొదలుపెట్టింది. తర్వాత ఫిల్టర్ కెపాసిటర్లు రెండు ఉబ్బాయి. పక్క ప్యానెల్లోని పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోలర్) ఉన్నట్టుండి రీసెట్ అవుతోంది.

పల్స్ విడ్త్ మాడ్యులేషన్ (స్విచింగ్ పల్సుల వెడల్పు మారుస్తూ తరంగాన్ని తయారుచేసే పద్ధతి) హార్మోనిక్స్‌ను మాయం చేయదని మీకు నేను చెప్పాలా? 5, 7 దగ్గరుండే వాటిని పైకి తరిమి, స్విచింగ్ ఫ్రీక్వెన్సీకి అటూ ఇటూ చేరుస్తుంది. అక్కడ వాటిని పట్టుకోవలసింది ఎల్‌సీఎల్ ఫిల్టర్ (రెండు చోక్‌లు, మధ్యలో కెపాసిటర్). మీ డ్రాయింగ్ ప్రకారమే ఆ ఫిల్టర్ రెజొనెన్స్ (కరెంట్లను అణచే బదులు పెంచే ఫ్రీక్వెన్సీ) 850 హెర్ట్జ్. లైన్ ఫ్రీక్వెన్సీకి పది రెట్ల పైన, స్విచింగ్‌లో సగానికి కింద ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. 1950 ఉన్నప్పుడు ఆ హద్దులు 500, 975. 850 వాటి మధ్య నిక్షేపంగా ఉంది. అప్పుడు సైడ్‌బ్యాండ్‌లు (స్విచింగ్ ఫ్రీక్వెన్సీకి అటూ ఇటూ చేరే ఆ హార్మోనిక్స్) 37, 41 దగ్గర, అంటే రెజొనెన్స్‌కు చాలా దూరంలో ఉండేవి. 1050కి దించగానే పై హద్దు 525కి పడిపోయింది. సైడ్‌బ్యాండ్‌లు 19, 23కి, అంటే 950, 1150 హెర్ట్జ్‌కి వచ్చి కూర్చున్నాయి. ఇప్పుడు 19వది రెజొనెన్స్‌కు వంద హెర్ట్జ్ దూరంలో ఉంది. అడ్డుకోవలసిన ఫిల్టరే దాన్ని పెంచి పోషిస్తోంది. కంచే చేను మేయడమంటే ఇదే.

ఇక మీ రెండో జవాబుతో పంపిన టెస్ట్ రిపోర్టు. టీహెచ్‌డీ 3 శాతమే అని రాశారు. పట్టిక చివరిదాకా చూస్తే 13వ ఆర్డర్ దగ్గర ఆగిపోయింది! అక్కడిదాకా మా కొలతలోనూ 3 శాతమే. 19వది 9 శాతం, 23వది 5 శాతం. అన్నీ కలిపితే, అంటే వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే, 10.7. మన ఒప్పందంలో ఉన్నది ఫుల్ లోడ్ మీద 5 శాతం లోపు, 50వ ఆర్డర్ దాకా. ఐఈఈఈ 519 (హార్మోనిక్స్ హద్దుల ప్రమాణం) ఉమ్మడి కనెక్షన్ పాయింటుకే, అంటే ప్లాంటు గ్రిడ్‌కు కలిసే చోటుకే, వర్తిస్తుందని మీవాళ్లు ఫోన్లో అన్నారు. ప్రమాణం వరకు అది నిజమే. అయితే కన్వర్టర్ టెర్మినల్స్ దగ్గరే కొలవాలని మనం విడిగా రాసుకున్నాం, ఆ పేజీ జత చేస్తున్నాను.

నాకు కావలసింది 1950 హెర్ట్జ్ తిరిగి రావడం, ఆ వేడికి తట్టుకునే కూలింగ్ మీ ఖర్చుతో అమర్చడం. అసలు లోపం హీట్‌సింక్‌ది, దాన్ని సాఫ్ట్‌వేర్‌తో కప్పిపుచ్చారు. అది కుదరదంటే 1050కి తగిన కొత్త ఫిల్టర్ ఇవ్వండి. మూడో దారీ ఉంది. ఎంచుకున్న హార్మోనిక్స్‌ను తొలగించే మాడ్యులేషన్ పద్ధతిని పటేల్, హాఫ్ట్ 1973లోనే ప్రచురించారు. పావు సైకిల్‌కు పది స్విచింగ్ కోణాలు తీసుకుంటే స్విచింగ్ అదే 1050లో ఉంటుంది. ఒక కోణం ఫండమెంటల్‌కు (50 హెర్ట్జ్ మూల తరంగానికి) పోగా, మిగతా తొమ్మిదితో 5 నుంచి 29 దాకా మనకు బాధ కలిగించేవన్నీ పోతాయి. మిగిలేది 31 నుంచి, అది రెజొనెన్స్‌కు దూరం. కంట్రోల్ స్పందన కాస్త మందగిస్తుంది, కానీ మా కంప్రెసర్‌కు అంత వేగం అక్కర్లేదు. ఏది చేసినా ఉబ్బిన కెపాసిటర్లు మాత్రం మార్చాల్సిందే.

పదిహేను రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే వారంటీ కింద ఆపి ఉంచిన చివరి చెల్లింపు ఆగిపోయినట్టే. మీ ఇంజనీరును పంపేటప్పుడు 50వ ఆర్డర్ దాకా కొలిచే ఎనలైజర్ ఇచ్చి పంపండి. లేదంటే మాది ఇస్తాం.

ఇట్లు,
ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ ఇన్‌చార్జ్