మన ట్రెయిల్ కమిటీ వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కమిటీ ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పనక్కర్లేదు. అమెరికాలోని వర్జీనియాలో యాష్‌బర్న్, స్టెర్లింగ్, హెర్న్‌డన్ ఊళ్ల మధ్యగా పోయే డబ్ల్యూ అండ్ ఓడీ (వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్) ట్రెయిల్ అనే నడక బాట మీద రోజూ నడిచేది మనమే. ఒకప్పుడు ఇది రైలు మార్గం; 1968లో రైళ్లు ఆగిపోయాయి. 1974లో ఫాల్స్ చర్చ్‌లో చిన్న ముక్కగా మొదలైన బాట 1988 నాటికి పర్సెల్‌విల్ దాకా 45 మైళ్లు అయింది. అంత ఓపిగ్గా చేసి ఇచ్చినదాన్ని శుభ్రంగా ఉంచుకోవడం మన వంతు.

ఈ ఏడు నాకు ఎంతో గర్వంగా అనిపించింది అక్టోబరులో పెద్దవాళ్లతో చేసిన నడక. హెర్న్‌డన్ పాత స్టేషన్ దగ్గర ఎర్ర గార్డు పెట్టె ముందు ఫొటోలయ్యాక బయల్దేరాం. ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన డోర్నకల్ వైపు రైల్వే లైను పనిచేసి రిటైరయ్యారు. కాసేపు నడిచి ఆగి, ఒక పిల్లాడి బంతి తీసుకుని బాట మీద పెట్టారు. అది కదలాలా వద్దా అన్నట్టు మెల్లగా దొర్లింది. "చూశారా నాన్నా, బరువు లాగే ఇంజనుకి వాలు ఎక్కువుంటే కుదరదు. అందుకే మిట్ట ఉన్నచోట తవ్వుతారు, పల్లంలో కట్ట పోస్తారు" అన్నారు. మోకాళ్ల నొప్పులున్న మన అత్తయ్యలు కూడా ఈ బాట మీద హాయిగా ఎలా నడుస్తున్నారో అప్పుడర్థమైంది.

ఆ రోజు పులిహోర, మజ్జిగ తెచ్చిన కుటుంబాలకు, సామాను మోసిన హైస్కూలు పిల్లలకు, వెనకబడ్డవాళ్ల చెయ్యి పట్టుకుని నడిపించిన కోడళ్లకు పేరుపేరునా ధన్యవాదాలు.

చెత్త ఏరే కార్యక్రమాలు నాలుగు జరిగాయి. ఒక విషయం బాధతోనే రాస్తున్నాను. ఏప్రిల్‌లో వాట్సాప్‌లో నలభై మంది పేర్లిచ్చారు, పొద్దున ఏడింటికి వచ్చింది తొమ్మిది మంది. చెట్లకు అల్లుకున్న తీగలు సగంలోనే వదిలేయాల్సి వచ్చింది. రాలేకపోతే ముందురోజు ఒక్క మాట చెప్పండి.

జమాఖర్చుల పత్రం కోశాధికారి జతచేశారు. గ్లోవ్స్‌కు, సంచులకు, మంచినీళ్లకు చందాలు సరిపోయాయి.

పెద్దవాళ్లు కూర్చోవడానికి నీడలో ఒక బెంచీ వేయమని మూడుసార్లు ఉత్తరం రాశాం. ఏ ఒక్కదానికీ జవాబు రాలేదు. ఈసారి సభ్యులందరి సంతకాలతో నేరుగా వెళ్లి ఇద్దామని, అందుకు సర్వసభ్య సమావేశం తీర్మానం చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి