గుడ్డపీలికల జడపట్టాలు: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా దాదాపు జడపట్టాల మీదే సాగింది, అంటే గుడ్డపీలికలను జడలా అల్లి, ఆ జడను చుట్లుగా తిప్పి కుట్టే పట్టాల మీద. మగ్గం పట్టాల జోలికి పోలేదు.

టైలరు షాపుల నుంచి వచ్చే మూటల్లో నూలు గుడ్డ తగ్గి జార్జెట్, పాలియెస్టర్ ముక్కలు పెరిగాయి. అవి నీళ్లు పీల్చవు, జడలో జారిపోతాయి, గుమ్మంలో వేసే పట్టాకి పనికిరావు. అనుమానం వస్తే ఒక పోగు కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, పాలియెస్టరైతే కరిగి ఉండకడుతుంది. అన్నిటికన్నా పాత నేత చీరలే నయం. 2 × 3 అడుగుల కోలపట్టాకి (గుడ్డు ఆకారపు పట్టాకి) కిలోన్నర గుడ్డ, అంటే మూడు చీరల దాకా పడుతుంది. జరీ అంచు ముందే కోసేయాలి, అరికాళ్లకు గుచ్చుకుంటుంది. గంజి పూర్తిగా పోయేలా ఉతకాలి, లేకపోతే ముసురు పట్టగానే బూజు తప్పదు. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు పరీక్షించాలి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు గానీ, వదిలే రంగు వదులుతూనే ఉంటుంది.

పీలిక వెడల్పు చీరకైతే 3 అంగుళాలు, చొక్కా గుడ్డకి 2, జీన్స్‌కి 1 చాలు. జడ లావు అంతటా ఒకేలా రావాలన్నదే లెక్క. అతుకు ఏటవాలుగా వేస్తే బొడిపె కట్టదు. మూడు పాయల అతుకులూ ఒకేచోట పడకూడదు. పాయ రెండు గజాలు దాటితే చిక్కుపడుతుంది.

ఇక అసలు బాధ కుట్టులో. వెనక్కి వచ్చిన పట్టాల్లో ఎక్కువ భాగం గిన్నెలా లేచినవే. లేసు అల్లి అలవాటైన చేయి దారాన్ని బిగించి లాగుతుంది, ఆ బిగువు ఇక్కడ చేటు.

మొదట మధ్యలో తిన్నగా వేసి, దాని చుట్టూ మిగతా చుట్లు తిప్పే జడ పొడవు ఎంతంటే, పట్టా పొడవులోంచి వెడల్పు తీసేయగా మిగిలినది. మూడులో రెండు పోతే ఒక అడుగు. తర్వాత, జడ అంగుళం వెడల్పుంటే ప్రతి చుట్టూ ముందు చుట్టుకంటే ఆరుంపావు అంగుళాలు పెరగాలి. పట్టా ఎంత పెద్దదైనా ఇంతే. ఆ పెరుగుదలంతా రెండు వంపుల్లోనే రావాలి. తిన్నటి చోట కన్నుకి కన్ను (జడ అంచున పాయ మలుపు తిరిగే చోటు) కుట్టి, వంపులో మాత్రం కొత్త జడలో అక్కడక్కడ ఒక కన్ను వదలండి. తక్కువ వదిలితే అంచు లేస్తుంది, ఎక్కువైతే కుచ్చెళ్లు పడతాయి. వదిలిన కన్ను చుట్టుచుట్టుకీ ఒకేచోట పడితే అక్కడ మూల తేలుతుంది.

మొన అరగదీసిన దబ్బనం వాడండి. దారం గుడ్డలోంచి కాక కన్నుల మధ్యనుంచే పోవాలి, అప్పుడే విప్పి సర్దుకోగలం. ఒళ్లో పెట్టుకుని కుట్టొద్దు, నేలమీద పరిచి కుట్టండి. ఒళ్లో వంపు కనిపించదు.

వచ్చే ఏడాది నుంచి ఆరో చుట్టు అయ్యాక ప్రతి పట్టానూ నేలమీద పరిచి చూశాకే ముందుకు వెళ్లాలని, ఉతుకు పనులన్నీ జూన్‌లో వానలు పట్టకముందే ముగించాలని కార్యవర్గం నిర్ణయించింది.