గడువు తీరిన పాసు

సంపాదకులు గారికి,

నమస్కారం. 2025 జనవరిలో రెండో శనివారం, ఆదివారం, వెంటనే భోగి, సంక్రాంతి, కనుమ వరసగా పడి అయిదు రోజులు కలిసొచ్చినా, అందులో సగం బస్సుల్లోనే పోయిందని మీ ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. హైదరాబాద్ నుంచి నిలబడి వచ్చాననీ, పైగా కండక్టరు విసుక్కున్నాడనీ ఆయన బాధ. ఆ కండక్టరు నేను కాదు. నేను రిటైరై ఆరేళ్లయింది. కానీ విసుక్కునే కండక్టర్ల తరఫున రెండు ముక్కలు రాయగలను.

31 ఏళ్ల సర్వీసులో సంక్రాంతికి నేను ఇంట్లో ఉన్నది నాలుగుసార్లు. అందులో ఒకటి కాలు విరిగి మంచం మీద. అన్నిట్లోకీ బాగా జరిగిన పండగ అదేనని మా ఆవిడ అనేది. కనుమ నాడు కాకైనా కదలదంటారు. కాకికి మర్నాడు ఆఫీసు లేదు కాబట్టి సరిపోయింది. ఇందులో ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు, ఊరంతా ఇళ్లకు చేరాలంటే కొందరు ఇల్లు వదిలి రావాలి. ఆ రోజుల్లో పండగ స్పెషల్ బస్సులకు ఒకటిన్నర రేటు ఉండేది. ఆ పై సగం నా జేబులోకే పోతున్నట్టు చూసేవాళ్లు జనం.

సంక్రాంతి నాడు మధ్యాహ్నం మా ఆవిడ సింగ్‌నగర్‌లో సిటీ బస్సెక్కి, క్యారేజీ పట్టుకుని విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌కు వచ్చేది. పులిహోర, గారెలు, పరమాన్నం, అడుగు గిన్నెలో గుమ్మడికాయ కూర. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద పది నిమిషాల్లో మా పండగ అయిపోయేది. అరిసెలు సగం డ్రైవరుగారే లాగించేవాడు. "పెద్దలకు బట్టలు పెట్టేశాను. ఇదిగో మీ తువ్వాలు" అని నా భుజాన వేసేది. అంటే పెద్దల తర్వాత వరస నాదేనన్నమాట. తీరా చూస్తే ఆవిడే నన్ను దాటుకుని ముందు వెళ్లిపోయింది. నాలుగేళ్లవుతోంది. క్యూ తప్పించి ఎక్కేవాళ్లంటే నాకెప్పుడూ పడేది కాదని తెలిసి కూడా.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చింది. పిల్లల పుస్తకాలు, గ్యాస్ బండ, నా బీపీ మాత్రలు పట్టుకుని మేడెక్కాం. గోడ మీద దండేసి ఉన్న ఆవిడ ఫొటో కిందే ఉండిపోయింది. నీళ్లు తీశాక దిగి చూస్తే ఫ్రేము ఉంది, అద్దం ఉంది, లోపల గోధుమరంగు మరక తప్ప మనిషి లేదు. ఆల్బమ్‌లు అట్టల్లా అతుక్కుపోయాయి. ఏడో తేదీన వినాయక చవితి. ఆ ఏడాది మా వీధిలో నిమజ్జనం పని మిగల్లేదు.

అక్టోబరు 2న మహాలయ అమావాస్య నాడు పేరు చెప్పి నువ్వులూ నీళ్లూ వదిలాను. దానికి ఫొటో అక్కర్లేదు. సంక్రాంతికి అలా కుదరదు, చీర పెట్టాలంటే ఎదురుగా మనిషి కనపడాలి. మా అబ్బాయి బంధువులందరి పెళ్లి ఫొటోలూ తిరగేశాడు. అన్నిట్లోనూ ఆవిడ వడ్డిస్తోంది, లేదంటే ఎవరినో పిలుస్తూ వెనక్కి తిరిగి ఉంది. చివరికి అటక మీది ట్రంకుపెట్టెలో దొరికింది, నా ఉద్యోగం మీద ఆవిడకు వచ్చిన బస్సు పాసు. లామినేషన్ చేసి ఉంది. ఆ ఫొటో అంటే ఆవిడకు అసహ్యం. ఫ్లాష్ పడగానే కళ్లు సగం మూసింది. "టికెట్ లేకుండా దొరికిపోయినదానిలా ఉన్నాను" అనేది.

పెద్దది చేయిద్దామని స్టూడియోకి ఇచ్చాం. వారం తర్వాత వచ్చినావిడను నేనెప్పుడూ చూడలేదు. కళ్లు తెరిపించారు. ఒళ్లు తెల్లగా చేశారు. తెల్లవెంట్రుకలు పోయాయి. చెంప మీద ఆటలమ్మ మచ్చ కూడా పోయింది, నలభై ఏళ్లుగా నేను చూసిన మచ్చ. వెనకాల ఏవో గులాబీ పూలు. "పోయినవాళ్లను కాస్త కళగా చూపిస్తాం సార్, అందరూ అలాగే అడుగుతారు" అన్నాడు కుర్రాడు. ఇంటికి తెస్తే మా మనవరాలు "తాతా, ఈ ఆంటీ ఎవరు?" అంది. పైగా దానికి మా అబ్బాయి పద్దెనిమిది వందలు పెట్టాడు. స్టూడియోల వాళ్లకు నా మనవి ఒక్కటే: మచ్చలు తీసేముందు ఇంట్లోవాళ్లను ఒక మాట అడగండి బాబూ.

పండగ నాడు పీట మీద కొత్త చీర పెట్టి, ఆ మడతకు పాసునే ఆనించాను. అగ్గిపెట్టెకు కాస్త పెద్దది. పక్కన అరిసెలు, గారెలు, గుమ్మడికాయ కూర. గులాబీల ఆవిడను బీరువా వెనక పెట్టాం. మనవరాలికి ఇప్పుడిప్పుడే చదవడం వచ్చింది, కనపడిందల్లా చదివేస్తోంది. పీట మీదికి వంగి చూసి, "తాతా, నానమ్మ పాసు డేట్ అయిపోయింది" అంది.

డ్యూటీలో ఉండగా అలాంటి పాసు ఒక్కటి కూడా ఒప్పుకోలేదు నేను. మంత్రివర్గం నుంచి సిఫార్సు వచ్చినా దింపేసేవాణ్ని.

"ఫర్వాలేదు, పండగ రోజు చెకింగ్ ఉండదులే" అన్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టరు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ.