ఇంపాక్ట్ వెస్ట్ విషయంలో మీకు తప్పు చెప్పాం

మా దగ్గర కైట్ ఫాయిల్ (పెద్ద గాలిపటం లాగుతుంటే, అడుగున రెక్కలున్న బోర్డు మీద నీళ్లపైకి లేచి వెళ్లే ఆట) నేర్చుకుంటున్నవాళ్లకీ, గేర్ కొన్నవాళ్లకీ ఒక మాట. ఇంపాక్ట్ వెస్ట్ అమ్మేటప్పుడు "ఇది వేసుకుంటే మునగరు, టెన్షన్ వద్దు" అని చాలామందికి చెప్పాం, నేనే చెప్పాను. అది తప్పు. ఆ వెస్ట్ ఉన్నది పక్కటెముకలకి దెబ్బ తగ్గించడానికి. కాస్త తేలుస్తుంది, నిజమే, కానీ చాలా మోడళ్లకి తేలుస్తుందన్న సర్టిఫికెట్ ఉండదు. తేలడం కోసమే కొంటే లోపల లేబుల్ మీద ఐఎస్ఓ 12402-5 (తేల్చే వెస్ట్‌ల ప్రమాణం), 50 న్యూటన్లు (తేల్చే బలం) అని ఉందో లేదో చూడండి. అది కూడా ఈత వచ్చినవాళ్ల కోసమే, స్పృహ తప్పినవాళ్ల మొహాన్ని నీళ్లపైకి తిప్పుతుందని నమ్మడానికి లేదు. మా మాట నమ్మి కొన్నవాళ్లు వెస్ట్ తెచ్చిచ్చేయండి, వాడేసినా సరే, డబ్బు వెనక్కి ఇస్తాం.

రెండో తప్పు ఇంకా పెద్దది. పోయిన సీజన్‌లో ఒకాయన షార్ట్స్‌తోనే దిగుతానంటే సరే అన్నాను. పడేటప్పుడు బోర్డుని తన్ని దూరంగా తోసేయాల్సింది పోయి ఆయన దాన్ని వదలకుండా మీదే ఉండిపోయారు, బోర్డు అడుగున ఉండే ఫాయిల్ ముందు వింగ్ (రెక్క) అంచు పిక్కని కోసేసింది, కుట్లు పడ్డాయి. ఆయన్ని ఏమనాలి, పడటం నేర్పకుండా నిలబడటం నేర్పింది నేను కదా!

అందుకే ఇప్పుడు మొదటి క్లాసంతా పడటమే. బోర్డుకి దూరంగా, వెనక్కో పక్కకో పడాలి, ముందుకి ఎగిరి పడితే వింగ్ ఎక్కడుందో మీకు తెలియదు. పైకి తేలేటప్పుడు తల మీద చేతులు అడ్డం పెట్టుకోవాలి. క్విక్ రిలీజ్ (ప్రమాదంలో కైట్ లాగుడు వదిలించే పిడి) ఒడ్డునే కళ్లు మూసుకుని లాగగలిగేదాకా నీళ్లలోకి పంపం. కాళ్లు పూర్తిగా కప్పే వెట్‌సూట్, బూటీలు, హెల్మెట్ తప్పనిసరి. సైకిల్ హెల్మెట్ తెస్తామని చాలామంది అడుగుతున్నారు, వద్దండీ, దాని ఫోమ్ ఒక్క గట్టి దెబ్బకే పనికిరాకుండా పోతుంది, పైగా నీళ్ల కోసం చేసింది కాదు. ఈఎన్ 1385 (నీటి ఆటల హెల్మెట్ల యూరప్ ప్రమాణం) అని ఉన్నది చూడండి. బోర్డు లీష్ (బోర్డుని మనిషికి కట్టే తాడు) కూడా కట్టనివ్వం, తోసేసిన ఫాయిల్ తిరిగి మీ మీదికే వస్తుంది.

పొడుగు మాస్ట్ (బోర్డునీ కింది వింగ్‌నీ కలిపే నిలువు కడ్డీ) ఇవ్వట్లేదని కొందరికి కోపంగా ఉంది. 60 సెంటీమీటర్లలోపు మాస్ట్‌తో చిరాకే, కొంచెం ఎక్కువ లేచినా వింగ్ నీళ్లలోంచి బయటికొచ్చి దబ్బున పడతారు. కానీ పడేది తక్కువ ఎత్తు నుంచి. 90 కావాలంటే ముందు దీని మీద మలుపు తిరిగి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

చిన్న సైజు హెల్మెట్లు ప్రస్తుతం అయిపోయాయి. ఆ సైజు కావాల్సినవాళ్ల క్లాసులు అవి వచ్చేదాకా ఆపాం. ఆగలేమంటే సొంతది తెచ్చుకోండి, నేను చూసి సరేనంటేనే దిగనిస్తా.