బాగున్న డిస్క్‌ను పోయిందని చెప్పాం

మా దగ్గర కంప్యూటర్లు కొన్నవాళ్లకు, రిపేర్లు చేయించుకుంటున్నవాళ్లకు నమస్కారం. ఈమధ్య మా వల్ల ఒక పెద్ద పొరపాటు జరిగింది. అది మీకు చెప్పాలి. దానివల్ల మా పనిలో కొన్ని పద్ధతులు కూడా మార్చుకున్నాం.

ఒకావిడ తన పాత డెస్క్‌టాప్ నెమ్మదించిందని తెచ్చారు. మదర్‌బోర్డులో (భాగాలన్నీ తగిలించే ప్రధాన బోర్డు) ఖాళీగా ఉన్న ఎం.2 అనే సన్నటి స్లాట్‌లో కొత్త ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డ్రైవ్) బిగించి విండోస్ ఎక్కించాం. మెషిన్ చకచకా ఆన్ అయింది. కానీ అప్పటిదాకా పనిచేసిన పాత హార్డ్ డిస్క్ కనిపించడం మానేసింది. కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే బయోస్ ప్రోగ్రామ్‌లో కూడా దాని పేరు లేదు. కేబుల్ ఒకసారి ఊడదీసి మళ్లీ పెట్టాం. అయినా రాలేదు. "పాతదైపోయింది కదమ్మా, పోయినట్టుంది" అనేశాం. పిల్లల చిన్నప్పటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయట. ఆవిడ ఏమీ అనలేదు, కౌంటర్ దగ్గర చాలాసేపు అలాగే నిలబడిపోయారు.

నాలుగు రోజుల తర్వాత ఆవిడే ఫోన్ చేశారు. వాళ్ల తమ్ముడు ఆ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఫొటోలన్నీ తెరుచుకున్నాయట.

డిస్క్‌కు ఏమీ కాలేదు. చాలా మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాటూ, హార్డ్ డిస్క్ కేబుల్ తగిలించే సాటా పోర్టుల్లో కొన్నీ ఒకే దారిని పంచుకుంటాయి. బోర్డు మీది చిప్‌సెట్ అనే చిప్ నుంచి వచ్చే ఆ డేటా దారులను లేన్లు అంటారు. అవి లెక్క ప్రకారమే ఉంటాయి కాబట్టి, ఎం.2లో డ్రైవ్ పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం ఆగిపోతుంది. ఏ పోర్టులు ఆగుతాయో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. కేబుల్‌ను పక్క పోర్టుకు మార్చి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. మేం మాన్యువల్ తెరవలేదు, ఇంకో పోర్టులో పెట్టి చూడలేదు. ఆవిడకు క్షమాపణ చెప్పి, తీసుకున్న కూలి తిరిగి ఇచ్చేశాం. మా మాట నమ్మి ఆ డిస్క్‌ను చెత్తలో పడేసి ఉంటే మాత్రం మేం తిరిగి ఇవ్వగలిగింది ఏమీ ఉండేది కాదు. ఆ ఆలోచన ఇప్పటికీ వదలడం లేదు.

ఆ రోజు రాత్రి కూర్చుని పాత రిజిస్టర్ తిరగేశాం. ఇలాంటివే ఇంకొన్ని కనిపించాయి. అన్నిట్లోనూ మేం చేసిన తప్పు ఒకటే: రంధ్రంలో పడుతోంది కదా అని, పనిచేస్తుందని అనుకోవడం.

ఎం.2నే చూడండి. అది ఆకారం పేరు మాత్రమే. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఒకేలాంటి రెండు ఎస్‌ఎస్‌డీలు పక్కపక్కన పెడితే, ఒకటి సాటా పద్ధతిలో, ఇంకొకటి ఎన్‌వీఎంఈ అనే వేగమైన పద్ధతిలో పనిచేసేది కావచ్చు. సాటా రకానికి అంచున సాధారణంగా రెండు గాట్లుంటాయి, ఎన్‌వీఎంఈకి ఎక్కువగా ఒకటే ఉంటుంది. రెండు గాట్లున్నది ఎన్‌వీఎంఈ స్లాట్‌లో కూడా చక్కగా దూరుతుంది, స్క్రూ కూడా పడుతుంది. కానీ ఆ స్లాట్‌కు సాటా లైన్ ఇవ్వకపోతే డ్రైవ్ కనిపించదు. ఒకరికి ఇలాగే బిగించి, కనిపించకపోయేసరికి డ్రైవే పాడైందని వెనక్కి పంపాం. వేగంలోనూ తేడా పెద్దదే. సాటాకు సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర హద్దు. పీసీఐఈ అనే వేగమైన లేన్ల పద్ధతి మూడో తరంలో, నాలుగు లేన్ల మీద నడిచే మంచి ఎన్‌వీఎంఈ 3,500 మెగాబైట్ల దాకా వెళ్తుంది.

టైప్-సీ విషయంలో ఇంకా ఎక్కువమందిని తిప్పలు పెట్టాం. 2014లో వచ్చిన ఈ పోర్టులో 24 పిన్నులుంటాయి. అన్ని పిన్నులకూ పని ఇవ్వాలా వద్దా అన్నది లాప్‌టాప్ తయారుచేసినవాళ్ల ఇష్టం. ఒక లాప్‌టాప్‌లో ఆ పోర్టు ఛార్జింగ్, డిస్‌ప్లే, డేటా మూడూ చేస్తుంది. ఇంకో దాంట్లో డేటా ఒక్కటే. రెండో మానిటర్ కావాలన్న ఒకాయనకు "టైప్-సీ ఉంది కదా సార్, హబ్ చాలు" అని చెప్పాం. డిస్‌ప్లే రాలేదు. హబ్ మార్చాం, అయినా రాలేదు. మూడోసారి వచ్చినప్పుడు గానీ కంపెనీ స్పెసిఫికేషన్ షీట్ చదవలేదు. ఆ పోర్టులో డిస్‌ప్లే సౌకర్యమే లేదు. చివరికి మామూలు యూఎస్‌బీ డేటా మీదే డిస్‌ప్లేను పంపే డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న అడాప్టర్ పెట్టి, దాని డ్రైవర్ వేస్తే పని జరిగింది. పోర్టు పక్కన థండర్‌బోల్ట్ తాలూకు చిన్న మెరుపు గుర్తో, డీ ఆకారంలో డిస్‌ప్లేపోర్ట్ గుర్తో ఉంటే డిస్‌ప్లే వస్తుందని ధైర్యంగా చెప్పవచ్చు. ఏ గుర్తూ లేకపోతే షీట్ చదవాల్సిందే.

కేబుళ్లదీ అదే కథ. 100 వాట్లతో లాప్‌టాప్‌ను ఛార్జ్ చేసే టైప్-సీ కేబుల్ కూడా డేటాకు వచ్చేసరికి యూఎస్‌బీ 2.0 వేగం, అంటే సెకనుకు 480 మెగాబిట్లే ఇవ్వవచ్చు. బయటి ఎస్‌ఎస్‌డీ కొన్నా కాపీ నత్తనడకగా ఉందని మా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరికి కేబుల్ మారిస్తే సరిపోయింది.

గ్రాఫిక్స్ కార్డు పెట్టించుకుని ఇంటికెళ్లాక స్క్రీన్ రావడం లేదని ఫోన్ చేసేవాళ్లకు: మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి ఉందేమో చూడండి, కార్డు మీద ఉన్నదానికి పెట్టండి. దీనికి మా దగ్గరికి రానక్కర్లేదు.

ఇక నుంచి మెషిన్ విప్పకముందే దాని మోడల్ మాన్యువల్ తీసి చదువుతాం. మీకు ఇచ్చే బిల్లు వెనక ఏ పోర్టు ఏం చేస్తుందో, ర్యామ్ మార్చుకోవచ్చా లేక బోర్డుకే అతికించి ఉందా అన్నది రాసిస్తాం. ఇంకో పోర్టు, ఇంకో కేబుల్, ఇంకో కంప్యూటర్ మీద పరీక్షించనిదే ఏ వస్తువునూ పోయిందని చెప్పం. ఒక కంపెనీ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) తాలూకు మాడ్యులర్, అంటే ఊడదీసి పెట్టగలిగే, కేబుళ్లు ఇంకో కంపెనీదానికి ఎట్టి పరిస్థితుల్లోనూ వాడం. కనెక్టర్ సరిపోయినా లోపల వైర్ల వరస వేరుగా ఉండవచ్చు, డ్రైవ్‌లు కాలిపోవచ్చు. ఇదంతా చేస్తే పని ఒక రోజు ఆలస్యమవుతుంది. సాయంత్రానికి కావాలని అడిగితే కుదరదని చెప్పాల్సి రావచ్చు. ఆ మాట అనడం మాకూ కష్టమే, అయినా అంటాం.

ఎస్‌ఎస్‌డీ వేయించుకున్న రోజే పాత డిస్క్ పోయిందని మా దగ్గర ఎవరికైనా చెప్పి ఉంటే, దయచేసి ఆ డిస్క్ పారేయకండి. తీసుకురండి, డబ్బు తీసుకోకుండా మళ్లీ పరీక్షిస్తాం. టక్ టక్ అని చప్పుడు వస్తుంటే మాత్రం ఇంట్లో పదే పదే ఆన్ చేయకుండా, అలాగే తెచ్చి ఇవ్వండి.