సినారె అంటే పాటలేనా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా ఊరి గ్రంథాలయంలో సినారె (సి. నారాయణరెడ్డి) కావ్యం ‘విశ్వంభర’ కోసం వెతికాను. అట్ట ఊడిన ఒక్క ప్రతి దొరికింది. వెనక అంటించిన చీటీ మీద చివరి తేదీ పడి ఏళ్లు దాటింది. పక్కనే పోటీ పరీక్షలకు చదువుతున్న అమ్మాయి ‘1988, జ్ఞానపీఠ్, విశ్వంభర’ అని గడగడా చెప్పింది. లోపల ఏముందమ్మా అంటే నవ్వి ఊరుకుంది. ఆ అమ్మాయిది తప్పు కాదు, మనం నేర్పింది అంతే.

ఆ బిట్టులోనూ ఒక చిక్కుంది. 1970లో విశ్వనాథ సత్యనారాయణగారికి జ్ఞానపీఠ్ సాహిత్య పురస్కారం ‘రామాయణ కల్పవృక్షం’ అనే ఒక గ్రంథానికి వచ్చింది. 1982 నుంచి మాత్రం ఒక్క పుస్తకానికని కాకుండా రచయిత మొత్తం సాహిత్య కృషికి ఇస్తున్నారు. అంటే సినారె అందుకున్న గౌరవం ‘విశ్వంభర’ ఒక్కదానిది కాదు. గేయకావ్యాలు, వచన కవితలు, గజళ్లు, ఆధునిక కవిత్వంపై చేసిన పరిశోధన, అన్నీ అందులో ఉన్నాయి. హనుమాజీపేటలో పుట్టి, ఉర్దూ మీడియంలో చదివిన పిల్లవాడు తెలుగులో ఇంత చేశాడు!

1980లో వచ్చిన ‘విశ్వంభర’ వచన కవితలో రాసిన దీర్ఘకావ్యం. రాజులు, రాణుల కథ కాదు. మనిషే నాయకుడు, ఈ భూమే రంగస్థలం. నాలుగు పేజీలు పైకి చదివితే చాలు, పిల్లలకే పట్టుబడుతుంది.

జూలై 29న ఆయన జయంతి. ఆ రోజు సినిమా పాటల జాబితాతో సరిపెట్టకుండా, మీ పత్రికలో ఆ కావ్యం నుంచి ఒక భాగం వేయండి. గ్రంథాలయాలకు కొత్త ప్రతులు పంపమని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, కరీంనగర్