ఆ సందర్శకుల రిజిస్టరు మూసేయండి

సంపాదకుల వారికి,

సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీ ఇవ్వడానికి రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు ఊళ్ల నుంచి జనం తొలి బస్సుకే అనంతపురం వస్తారు. వాళ్లకు ముందుగా కనిపించే ప్రభుత్వం అంటే ఆఫీసు గుమ్మం పక్కనున్న బల్లే. దాని మీద దారం కట్టిన పెన్ను, అంచులు నలిగిన రిజిస్టరు, వెనక ఒక గార్డు. చాలా ఆఫీసుల్లో మర్యాదకైనా, భద్రతకైనా ఉన్న ఏర్పాటు ఇంతే. దీనివల్ల రెండూ దక్కడం లేదు.

రిజిస్టరులో పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఎవరిని కలవాలి, ఏ పని మీద వచ్చారు అన్నీ రాయిస్తారు. తర్వాత వచ్చినవాళ్లు సంతకం పెడుతూ పై వరసలన్నీ చదువుకోవచ్చు. భర్త మీద ఫిర్యాదుతో వచ్చిన మహిళ నంబరు, గట్టు తగాదాలో రైతు ఏ అధికారిని కలిశాడన్న సంగతి ఒక్క ఫొటోతో ఎదుటి పక్షానికి చేరిపోతాయి. పోనీ భద్రతకు పనికొస్తుందా అంటే, బయటికి వెళ్లిన సమయం రాసే గడి వరసకు వరస ఖాళీగా ఉంటుంది. వెళ్లేవాళ్లను ఆపి రాయించే తీరిక గార్డుకు ఎక్కడిది? లోపల మంటలు లేస్తే ఎంతమంది చిక్కుకున్నారో ఆ పుస్తకం చూసి ఎవరూ చెప్పలేరు.

వరస నంబర్లున్న రెండు ముక్కల చీటీ పుస్తకం పెడితే సరిపోతుంది. పేరు, గది నంబరు, లోపలికి వెళ్లిన సమయం రాసిన ముక్క సందర్శకుడి చేతికివ్వాలి. ఫోన్ నంబరు తప్పనిసరైతే పుస్తకంలో మిగిలే ముక్క మీద మాత్రమే రాసుకుని, పుస్తకాన్ని సొరుగులో ఉంచాలి. వెళ్లేటప్పుడు చీటీని గుమ్మం దగ్గరి డబ్బాలో వేయించాలి. ఆఫీసు మూసే ముందు రెండు ముక్కలూ సరిచూస్తే ఇంకా ఎవరు లోపలున్నారో తెలిసిపోతుంది. గుర్తింపు కార్డు చూసి వెంటనే ఇచ్చేయాలి. ఆధార్ జిరాక్సులు కట్టలు కట్టి బల్ల కింద పడేయడం ఎవరికీ క్షేమం కాదు. జిరాక్సు తప్పదనుకుంటే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉండనే ఉంది.

కెమెరాలదీ ఇదే కథ. తలుపుకు ఎదురుగా బిగిస్తే బయటి ఎండ వెలుగుకు లోపలికొచ్చేవాళ్ల ముఖాలు నల్లగా పడతాయి. పైకప్పుకు బిగిస్తే తలపాగాలు, నడినెత్తులు కనిపిస్తాయి. బల్ల వెనక కొంచెం పక్కగా, 7 అడుగుల ఎత్తున, వెలుగు నేరుగా పడని కోణంలో పెడితే ముఖం తెలుస్తుంది. గడియారం సరిగా ఉందో లేదో వారానికోసారి చూడాలి. టైము తప్పిన రికార్డింగు అవసరమైనప్పుడు తగువులకే దారితీస్తుంది.

సంచుల తనిఖీ వద్దనడం లేదు. విసిగిపోయిన అర్జీదారు పెట్రోలో పురుగుమందో తెచ్చుకునే ప్రమాదం నిజంగానే ఉంది. అయితే తనిఖీ తీరు మారాలి. ఆడవాళ్ల సంచులు మహిళా సిబ్బందే, తెర చాటున చూడాలి. సీసా దొరికితే నెమ్మదిగా తీసుకుని, ఆ మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అర్జీని వెంటనే అధికారి ముందుంచాలి. అందరి ముందూ ఈడ్చుకెళ్లి జీపెక్కిస్తే ఆ మనిషి తెగింపు పెరుగుతుందే గాని తగ్గదు. "ఏయ్, ఎక్కడికి?" అనే గొంతుకూ, "ఏ ఊరు పెద్దాయనా, ఏం పని మీద వచ్చినావు?" అనే గొంతుకూ ఎంత తేడా ఉందో క్యూలో నిలబడినవాళ్లకు తెలుసు. రెండో గొంతుతో అడిగితే మనిషి నోరు విప్పుతాడు, ఆందోళనలో ఉన్నాడో లేదో గార్డుకూ తెలుస్తుంది.

ఉదయం 10 గంటలకల్లా ఏ అధికారి సీట్లో ఉన్నారు, ఎవరు సెలవు, ఎవరు క్యాంపు అన్న జాబితా బల్ల దగ్గరికి చేరాలి. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి "సార్ క్యాంపులో ఉన్నారు" అని పంపేస్తే ఒక కూలి దినం పోతుంది. అర్జీ నమోదయ్యాక వచ్చే నంబరు భద్రంగా పెట్టుకోమనీ, దాని సంగతి ప్రభుత్వ కాల్ సెంటరు 1100కు ఫోన్ చేసి అడగవచ్చనీ చెప్పేవాళ్లు అక్కడే ఉండాలి.

ర్యాంపు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. 3 అడుగుల్లో సిమెంటు పోసేసిన జారుడుబండ మీద చక్రాల కుర్చీని ఎవరూ ఎక్కించలేరు. వెనక తలుపుకు గొలుసు తాళం వేయకుండా, లోపలి నుంచి ఒక్క తోపుతో తెరుచుకునేలా ఉంచాలి.

నిండిపోయిన పాత రిజిస్టర్లు చాలాచోట్ల ఆ బల్ల కిందే పడి ఉంటాయి. ఈ వారంలోనే వాటిని రికార్డు గదికి తరలించి తాళం వేయించాలని జిల్లాలోని శాఖాధిపతులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఆఫీసు సూపరింటెండెంటు, అనంతపురం